కాలనీ విందుకు కొర్రలెన్ని, పళ్లేలెన్ని?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ హైదరాబాద్ కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో పెట్టుకునే చిరుధాన్యాల విందులు, సేంద్రియ సంతలు, విత్తనాల మార్పిడి గురించే. ఉపన్యాసానికి ఎవరిని పిలవాలని ఒక్కరూ అడగలేదు, సంతోషం. అడిగినవన్నీ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, చెత్తబుట్ట చుట్టూ తిరిగేవే. ఇలాంటి కార్యక్రమాలు నిలిచేదీ, నవ్వులపాలయ్యేదీ అక్కడే.

ప్రశ్న: మా కాలనీ సంఘం తరఫున డిసెంబరులో ఒక ఆదివారం చిరుధాన్యాల భోజనం పెట్టాలనుకుంటున్నాం. 150 మంది వస్తారు. పన్నెండు రకాలు చేద్దామని కొందరంటున్నారు. వంట మేమే చేసుకుంటాం. ఏం చేయాలి, ఎంత చేయాలి?
– కాలనీ కార్యదర్శి, మల్కాజిగిరి

పన్నెండు వద్దండి. నాలుగు చాలు. రకాలు పెరిగితే ఏదీ వేడిగా ఉండదు, ఏదీ సరిగ్గా ఉడకదు. తిన్నవాళ్లు ఇంటికెళ్లి ‘చిరుధాన్యాలంటే ఇంతేనా’ అంటారు. మా లెక్కలో తైద అంబలి, జొన్న రొట్టెతో పుంటికూర (గోంగూర) పప్పు, కొర్ర దద్దోజనం, సజ్జ మలీద ఉంటే విందు నిండుగా ఉన్నట్టే. మధ్యాహ్నానికి తేలికపాటి భోజనమవుతుంది.

అంబలి మనిషికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల చొప్పున 30 లీటర్లు కావాలి. 2 కిలోల తైదల పిండిని (రాగి పిండి అన్నా అదే) శనివారం రాత్రి 5 లీటర్ల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూత వేసి ఉంచండి. పొద్దున్నే 13 లీటర్ల నీళ్లు మరగబెట్టి, పులిసిన పిండిని సన్నటి ధారగా పోస్తూ కలపాలి. మరిగే నీళ్లలో పొడి పిండి పోస్తే పై పొర వెంటనే ఉడికి గట్టిపడుతుంది, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ఉండలు కట్టడమంటే అదే, తరవాత ఎంత చిలికినా పోవు. పావుగంట ఉడికాక మూడు వెడల్పాటి గిన్నెల్లోకి పంచి, గిన్నెల అడుగులు చన్నీళ్ల తొట్టిలో ఉండేలా పెట్టండి. ఒకే డేగిసాలో వదిలేస్తే మధ్యాహ్నం దాకా గోరువెచ్చగానే ఉంటుంది, మజ్జిగ పోయగానే విరుగుతుంది. పూర్తిగా చల్లారాకే 12 లీటర్ల మజ్జిగ కలపాలి. ఉల్లిపాయ ముక్కలు వేరే గిన్నెలో పెట్టండి, కావలసినవాళ్లు వేసుకుంటారు.

అసలు ఇబ్బంది జొన్న రొట్టె దగ్గర వస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లయినా ఒక్క పొయ్యి మీద గంటకు 20–25 రొట్టెలకు మించి కాల్చలేరు. అందుకని మనిషికి సగం రొట్టె లెక్కన 80 రొట్టెలు పెట్టుకోండి. రొట్టెకు 80 గ్రాముల చొప్పున ఆరున్నర కిలోల పిండి, రెండు పొయ్యిలు, రెండు గంటలు. జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టి చన్నీళ్లతో కలిపిన పిండి సాగదు, అంచులు పగులుతాయి. కాగిన నీళ్లు పోస్తే పిండిలోని గంజి కొంత ఉడికి జిగురొస్తుంది. నీళ్లు దాదాపు పిండి బరువంత పడతాయి. అంతా ఒకేసారి కలిపి పెట్టుకోకండి. ఐదారు రొట్టెలకు సరిపడా కలిపి, అది వేడిగా ఉండగానే మదిపి కొట్టాలి. చల్లారిన ముద్ద మళ్లీ పగుళ్లు తీస్తుంది. ఆ వారంలో పట్టించిన పిండే వాడండి.

పప్పుకు 4 కిలోల కందిపప్పు, ఒలిచిన పుంటికూర ఆకు 3 కిలోలు. కాడలతో కొంటే 6 కిలోల దాకా కట్టలు తెచ్చుకోవాలి. కందిపప్పు పూర్తిగా మెత్తబడ్డాకే ఆకు వేయండి. ముందే వేస్తే పుంటికూర పులుపుకు పప్పు బిర్రుగా ఉండిపోతుంది, ఎన్ని విజిల్స్ పెట్టినా పలుకు విరగదు. చింతపండు, టమాట విషయంలోనూ ఇదే సూత్రం. పెద్ద ఎత్తున వండేటప్పుడు గ్యాస్ ఎక్కువ ఖర్చయ్యేదీ, భోజనం గంట ఆలస్యమయ్యేదీ చాలాసార్లు ఇందువల్లే.

దద్దోజనానికి 6 కిలోల కొర్రలు. రాత్రి కడిగి నానబెట్టి, పొద్దున నీళ్లు వంచేసి, గిన్నెడు కొర్రలకు రెండున్నర గిన్నెల మరిగే నీళ్లు పోయండి. కొలత నానబెట్టక ముందు తీసుకున్నదే. 6 కిలోలూ ఒకే గుండిగలో పోయకండి, మూడేసి కిలోలుగా రెండు గిన్నెల్లో వండండి. కొర్ర గింజ సన్నం కాబట్టి దగ్గరదగ్గరగా కూర్చుంటుంది, ఆవిరి పైకి రాదు. అడుగున సంకటైపోతుంది, పైన పలుకు మిగులుతుంది. ఉడికిన వెంటనే తాంబాళాల్లో పరిచి, వేడి మీదే 5 లీటర్ల కాచిన పాలు కలపండి. గోరువెచ్చగా అయ్యాక 5 లీటర్ల పెరుగు. కొర్రన్నం చల్లారేకొద్దీ వరి అన్నం కంటే ఎక్కువ బిగుస్తుంది, అందుకని కలిపేటప్పుడు ‘కొంచెం పలచనయిందే’ అనిపించాలి. వడ్డించే వేళకు సరిపోతుంది.

మలీదకు 3 కిలోల సజ్జ పిండితో రొట్టెలు చేసి, వేడిగా ఉండగానే నలిపి, కిలోన్నర తురిమిన బెల్లం, 400 గ్రాముల వేయించిన నువ్వులు కలపాలి. మనిషికి ఒక చిన్న ముద్ద వస్తుంది. బతుకమ్మ నాడు మలీద చేసే ఇల్లు మీ కాలనీలో తప్పక ఉంటుంది, వాళ్లకే అప్పగించండి. ఈ రొట్టెలు పొద్దున 8 గంటలకే మొదలుపెడితే జొన్న రొట్టెలకు పెనాలు ఖాళీ అవుతాయి.

ఇక ఉప్పు. రోజుకు మనిషికి 5 గ్రాములు మించొద్దని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. ఒక పూటకు అందులో సగం అనుకున్నా, 150 మందికి అన్ని వంటకాలకూ కలిపి 375 గ్రాములు. అంత ఉప్పు తూచి ఒక డబ్బాలో పోసి, ‘ఇంతే’ అని వంటవాళ్ల చేతికివ్వండి. ‘ఆరోగ్య భోజనం’ అని బ్యానర్ కట్టి ఉప్పు చేత్తో చల్లితే బ్యానర్ కట్టిన ఖర్చు దండగ.

చిరుధాన్యాలు అలవాటు లేనివాళ్లకు ఒక్కసారే ఇంత పీచు పడితే పొట్ట ఉబ్బరిస్తుంది. మొదటి వడ్డన తక్కువే పెట్టి, అడిగితే మళ్లీ పెట్టండి.

ప్రశ్న: పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సంతలో కొన్న సజ్జ పిండి పది రోజులకే చేదెక్కింది. కల్తీ జరిగిందా?
– గృహిణి, వనస్థలిపురం

కల్తీ అయి ఉండదు. సజ్జల్లో నూనె ఎక్కువ. గింజ పగిలి పిండి కాగానే అందులోని ఎంజైములు ఆ నూనెను విడగొడతాయి, దాంతో చేదు, ముక్క వాసన వస్తాయి. ఎండాకాలంలో వారానికే తేడా తెలుస్తుంది. సజ్జలు గింజలుగానే కొని, వారానికి సరిపడా పట్టించుకోండి. పిండిగానే కొనాల్సి వస్తే ఏ రోజు పట్టించారో అడిగి, ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి. చేదెక్కిన పిండికి బెల్లం వేసి పిల్లలకు పెట్టే ప్రయత్నం చేయకండి.

ప్రశ్న: నాన్నగారికి షుగర్. చిరుధాన్యాల మేళా అనగానే అక్కడ ఏదైనా తినొచ్చని ఆయన ధీమా. నిజంగా తినొచ్చా?
– కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు

ఏది పడితే అది తినకూడదు. చిరుధాన్యాలూ ధాన్యాలే, వాటిలోనూ అధికభాగం పిండిపదార్థమే. పీచు ఎక్కువ కాబట్టి తెల్లన్నం కంటే నయం, అదీ గింజ రూపం చెడకుండా వండినప్పుడు. మెత్తగా పట్టించి, జావగా కాచి, వేడివేడిగా తాగేస్తే చక్కెర తొందరగానే పెరుగుతుంది. అదే జొన్నను రొట్టెగా నమిలి తింటే ఒక రకంగా, గట్కలా మెత్తగా మింగితే ఇంకో రకంగా పనిచేస్తుంది.

మేళాల్లో ఎక్కువ అమ్ముడుపోయేవి లడ్డూలు, బిస్కెట్లు, మురుకులు. రాగి లడ్డూలో సగానికి దగ్గరగా బెల్లం ఉంటుంది, బెల్లమైనా చక్కెర చేసే పనే చేస్తుంది. రాగి బిస్కెట్ అన్నదాని పొట్లం వెనక పదార్థాల వరుస చదవండి. బరువులో ఎక్కువున్నది ముందు రాయాలన్నది నియమం. మొదట మైదా ఉండి, రాగి నాలుగో చోట ఉంటే అది మైదా బిస్కెట్టే.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని ఉంది. నాన్నగారి పళ్లెంలో ముందు సగం దాకా కూరగాయలు, ఆకుకూరలు పెట్టి, పప్పు వేసి, మిగిలిన చోట్లోనే రొట్టె పెట్టండి. మందు మోతాదు మాత్రం మేళా చూసి మార్చొద్దు, అది డాక్టరు పని.

రాగుల గురించి అడిగేవాళ్లకు ఒక అంకె చెప్పవచ్చు: అదే సంస్థ 2017 ఆహార పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. బియ్యంలో పది కూడా ఉండదు. రాగుల గొప్పతనం అక్కడుంది, షుగర్ తగ్గించడంలో కాదు.

ప్రశ్న: సేంద్రియ సంతలో ‘ఆర్గానిక్’ అని బోర్డు పెట్టినవాళ్లను నమ్మడమెలా? నిర్వాహకులుగా మేం ఏం చూడాలి?
– అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం, మియాపూర్

పొట్లం కట్టి అమ్మే సేంద్రియ సరుకు మీద ‘జైవిక్ భారత్’ గుర్తు ఉండాలి. దాని వెనక రెండు రకాల ధ్రువీకరణలుంటాయి. మూడో పక్షం వచ్చి తనిఖీ చేసేది ఒకటి, రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి ఇంకొకటి. చిన్న రైతు తాను పండించినది నేరుగా మీకు అమ్ముతుంటే ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. అలాంటివాళ్లు ఆ గుర్తు మాత్రం వాడకూడదు. కాబట్టి గుర్తు లేని రైతును దొంగగా చూడకండి. గుర్తు అచ్చువేసుకుని కాగితం చూపించలేనివాణ్ని మాత్రం లోపలికి రానివ్వకండి.

కాగితం లేని చోట ప్రశ్నలే తనిఖీ. ఏ ఊరు, ఎన్ని ఎకరాలు, ఈ పంట ఎప్పుడు వేశారు, పురుగు పడితే ఏం కొట్టారు అని అడగండి. పండించినవాడు తడుముకోడు, ఒక్కోసారి ఆపడమే కష్టం. ఒకే బల్ల మీద క్యారెట్, యాపిల్, పుంటికూర, కివీ ఉంటే ఆయన వ్యాపారి. వ్యాపారం తప్పు కాదు, అయితే రైతు అన్న బోర్డు తీయించండి. ఒక చిన్న పద్ధతి బాగా పనిచేస్తుంది: ప్రతి బల్ల మీద ఊరి పేరు, కోసిన తేదీ అట్టముక్క మీద రాసి పెట్టాలని నిబంధన పెట్టండి. మూడో సంతకల్లా మధ్యవర్తులు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు.

కొర్రలు, సామలు కొనేటప్పుడు పాలిష్ చూడండి. పాలిష్ పట్టినవి పాలిపోయి, నున్నగా మెరుస్తాయి. తవుడు పొర ఉన్నవి కాస్త మాసిన రంగులో, అక్కడక్కడ ఆకుపచ్చ, గోధుమ ఛాయతో ఉంటాయి. పాలిష్ పట్టినవి తొందరగా ఉడుకుతాయి, ఎక్కువ కాలం నిలవుంటాయి, అందుకే దుకాణదారుకు ముద్దు. పీచు మాత్రం తవుడుతో పోయింది.

అరికెల విషయంలో ఇంకాస్త జాగ్రత్త. కోత సమయంలో వాన తగిలి బూజు పడితే ఆ గింజలో సైక్లోపియజోనిక్ ఆమ్లమనే విషం చేరుతుంది. 2024లో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో పది ఏనుగులు చనిపోయింది అలాంటి అరిక చేను మేసే. మక్కిన వాసన, నల్ల మచ్చలు ఉన్న అరికెలు చవకగా వచ్చినా వద్దు.

ప్రశ్న: ఇంట్లో చేసిన సత్తుపిండి, పచ్చళ్లు కాలనీ మేళాలో అమ్ముకోవడానికి అనుమతి కావాలా?
– తార్నాక

కావాలి. చిన్న వ్యాపారానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది. ఆ సంస్థ ఫోస్కోస్ పోర్టల్‌లో ఫారం ‘ఎ’ నింపి, ఏడాదికి రూ.100 చొప్పున కట్టాలి. ఫొటో, గుర్తింపు కార్డు చాలు. వచ్చిన 14 అంకెల నంబరును బల్ల మీదా, సీసా మీదా రాయండి. సీసా మీద సరుకు పేరు, పదార్థాలు, బరువు, చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, మీ చిరునామా, శాకాహారమైతే పచ్చ గుర్తు ఉండాలి. పల్లీలు, నువ్వులు వేస్తే పెద్దక్షరాల్లో రాయండి. అలర్జీ ఉన్నవాళ్లకు అది ప్రాణం మీది విషయం.

ప్రశ్న: ప్లాస్టిక్ లేకుండా 150 మందికి వడ్డించడం ఎలా? పేపర్ ప్లేట్లు చాలు కదా అని ఒక వర్గం, స్టీలు ఎవరు తోముతారని ఇంకో వర్గం.
– నల్లకుంట

పేపర్ ప్లేటు, పేపర్ కప్పు అనుకునేవాటికి లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది లేకపోతే పప్పు కారిపోతుంది. ఆ పొర వల్ల అవి ఎరువూ కావు, పాత కాగితాల కిందా పోవు. ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మకోల్, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచే దేశమంతటా నిషేధం. అంటే ‘ప్లాస్టిక్ వద్దు’ అని రాసిన పలచటి ఫ్లెక్సీయే నిషేధిత వస్తువయ్యే ప్రమాదం ఉంది. పాత చీర మీద రంగుతో రాయించండి.

మా ఓటు స్టీలుకే. సిద్దిపేట జిల్లాలో ఊరూరా స్టీల్ బ్యాంకులు పెట్టి పెళ్లిళ్లకు పళ్లేలు, గ్లాసులు ఇస్తున్నారు. కాలనీ సంఘం ఒకసారి కొని పెట్టుకుంటే బోనాల నుంచి పుట్టినరోజుల దాకా పనికొస్తాయి. అప్పటిదాకా టెంట్‌హౌస్‌లో అద్దెకు తీసుకోండి. 150 మందికి 160 పళ్లేలు, 160 గ్లాసులు తెచ్చి, ఇచ్చేటప్పుడూ తిరిగి తీసుకునేటప్పుడూ లెక్కపెట్టే మనిషిని ఒకరిని నియమించండి. పోయేవి ఎప్పుడూ చెంచాలే.

తోమడానికి మూడు తొట్లు వరుసగా పెట్టాలి. మొదటిది సబ్బునీళ్లు, రెండోది మంచినీళ్లు, మూడోది చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లు. పళ్లేన్ని పటకారుతో అర నిమిషం ముంచి తీసి, బోర్లించి ఆరనివ్వండి. గుడ్డతో తుడవొద్దు, పదో పళ్లేనికల్లా ఆ గుడ్డే మురికవుతుంది. పళ్లేనికి, గ్లాసుకు కలిపి 2 లీటర్ల లెక్కన 300 లీటర్ల నీళ్లు దగ్గర పెట్టుకోండి. తొట్లకన్నా ముందు చెత్తబుట్ట ఉండాలి, తిన్నవాళ్లే తమ పళ్లెంలో మిగిలినది అందులో దులిపి ఇవ్వాలి. ఈ ఒక్క పని తప్పిస్తే సబ్బునీళ్లు పది నిమిషాలకే పప్పుచారవుతాయి, తోమేవాళ్లు మళ్లీ మీ మేళాకు రారు.

తోమే మనుషులు దొరకనప్పుడు మోదుగాకు విస్తర్లు. ఎండినవి నేరుగా వేస్తే పుల్లల దగ్గర చిరిగిపోతాయి. అరగంట ముందు నీళ్లు చిలకరించి, తడి గోనె కప్పండి. బూజు చుక్కలున్నవి తీసేయండి. అంబలికి మాత్రం స్టీలు గ్లాసు తప్పదు.

మజ్జిగలో, అంబలిలో ఐసు వేస్తారేమో. చేపలు నిలవ పెట్టడానికి వాడే ఐసుకు నీలి రంగు కలపాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో ఆదేశించింది. నీలంగా కనిపిస్తే తినే ఐసు కాదని అర్థం. తెల్లగా ఉన్నంతమాత్రాన మంచిదనీ కాదు. కాచి చల్లార్చిన నీళ్లు, కుండ చాలు.

ప్రశ్న: మిగిలిన భోజనం ఎవరికైనా పంచాలా, పారేయాలా? పోయినసారి సాయంత్రం పంచితే కొందరికి వాంతులయ్యాయి.
– దిల్‌సుఖ్‌నగర్

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో క్రిములు తొందరగా పెరుగుతాయి. వండిన అన్నం ఆ మధ్యలో గంటల తరబడి ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విషం తయారుచేస్తుంది. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. మీ దగ్గర జరిగింది ఇదే అని చెప్పలేం గానీ, మధ్యాహ్నం వండింది సాయంత్రం పంచడమే ప్రమాదం.

పంచాలనుకుంటే ఆ ఏర్పాటు మిగిలాక కాదు, ముందే చేసుకోవాలి. వండినదంతా వడ్డన బల్ల మీదకు తేకండి. మూడో వంతు వంటింట్లోనే మూతతో, సన్నటి సెగ మీద ఉంచండి. బల్ల మీదకు వచ్చి, గరిటెలు పడి, రెండు గంటలు దాటినది పంచడానికి పనికిరాదు. లోపల 60 డిగ్రీలపైన ఉన్న పప్పును శుభ్రమైన డబ్బాల్లో వెంటనే సర్దితే పంచవచ్చు. 300 రూపాయల్లోపు దొరికే వంట థర్మామీటరు ఒకటి కొనండి, వాదనలు ఆగిపోతాయి. డబ్బా మీద వంటకం పేరు, వండిన సమయం, ఎప్పటిలోగా తినాలో రాయండి. మిగులు ఆహారం పంపిణీకి ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019 నిబంధనలున్నాయి, తీసుకెళ్లే స్వచ్ఛంద సంస్థకు వాటి ప్రకారం రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. దద్దోజనం పంచొద్దు. మలీద, రొట్టెలు నిర్భయంగా ఇవ్వవచ్చు, వాటిలో తేమ తక్కువ.

పారేయక తప్పనిది కంపోస్టుకు. 200 లీటర్ల డ్రమ్ముకు చుట్టూ, అడుగునా వేలు దూరేటన్ని రంధ్రాలు చేసి, అడుగున జానెడు మందం ఎండాకులు పరవండి. తడి చెత్త ఒక వంతైతే ఎండాకులు, రంపపుపొట్టు రెండు వంతులు పొరలుగా పడాలి. పప్పు, మజ్జిగ లాంటివి చిల్లుల గిన్నెలో వంచి, గట్టిది మాత్రమే వేయండి. నీరు, ఉప్పు ఎక్కువైతే కుళ్లుతుంది తప్ప ఎరువవదు. పుంటికూర కాడలు ముక్కలుగా, విస్తర్లు అరచేయంత ముక్కలుగా చింపి వేయాలి, నిండు విస్తరి నెలలు పడి ఉంటుంది. పిడికెడు తీసి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. పుల్లటి కంపు వస్తే తడి ఎక్కువైంది, ఘాటుగా ముక్కు మండితే ఎండాకులు తక్కువయ్యాయి. రెండింటికీ మందు ఎండాకులూ, కలియబెట్టడమూ.

ప్రశ్న: పిల్లలతో కలిసి మూసీ వైపు నడుస్తూ తినదగిన కలుపు ఆకుకూరలు గుర్తించే కార్యక్రమం పెడదామనుకుంటున్నాం. గంగవాయిలి, పొన్నగంటి బాగా కనిపిస్తాయి.
– ఉపాధ్యాయిని, అత్తాపూర్

గుర్తించండి, కోయకండి. మూసీ నీళ్లతో నగర మురుగు, పరిశ్రమల వ్యర్థాలు కలిసి పారుతున్నాయి. ఆకుకూరలు ఆ నీటిలోని భార లోహాలను పీల్చుకుంటాయి, అవి కడిగినా పోవు, ఉడికించినా పోవు. పార్కుల్లోనూ కలుపు మందు కొట్టారేమో తెలుసుకోకుండా కోయొద్దు. వండి రుచి చూపించాలంటే ఇంటి కుండీల్లో మొలిచినవి వాడండి.

గంగవాయిలిని పోలిన మొక్కలుంటాయి. కాడ తుంచి చూడమనండి. తెల్లటి పాలు కారితే అది గంగవాయిలి కాదు, తినకూడదు. అసలు దానికి కాడ కండపట్టి, నీళ్లు మాత్రమే వస్తాయి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు గంగవాయిలి, పాలకూర రెండూ తగ్గించాలని కూడా పిల్లలకు చెప్పండి, ఇంట్లో తాతలకు పనికొస్తుంది.

ప్రశ్న: మేళా పెట్టేముందు మేం కొంచెం నేర్చుకోవాలి. నగరంలో ఎక్కడికి వెళ్లాలి?
– సైనిక్‌పురి

చిరుధాన్యాలకు రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. అక్కడి న్యూట్రిహబ్ ఈ రంగంలో వ్యాపారం పెట్టేవాళ్లకు శిక్షణ, సాయం ఇస్తుంది. పోషకాల లెక్కలకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది, మార్గదర్శకాలు వెబ్‌సైట్‌లో ఉచితం. కూరగాయలకు మెహిదీపట్నం, ఎర్రగడ్డ, సరూర్‌నగర్ రైతు బజార్లకు పొద్దున్నే వెళ్లి రైతులతో మాట్లాడండి, మీ సంతకు వచ్చేవాళ్లు అక్కడే దొరుకుతారు.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది మాత్రం పస్తాపూర్ అంటాం. జహీరాబాద్ పక్కన, నగరానికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు సంక్రాంతి వేళకు ‘పాత పంటల జాతర’ మొదలుపెట్టి, విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతారు. ఏ విత్తనం ఏ నేలకో, ఏ వానకో వాళ్లు నోటితో చెబుతారు. వెళ్లేముందు ఆ ఏడాది తేదీలు కనుక్కోండి.

ప్రశ్న: మిద్దెతోటలవాళ్లం కలిసి విత్తనాల మార్పిడి పెట్టాలనుకుంటున్నాం. పోయిన ఏడాది పంచుకున్న సొర, టమాట చాలావరకు మొలవలేదు. మొలిచినవి కూడా వేరే రకంగా కాశాయి.
– నాగోల్

ఇవి రెండు వేర్వేరు లోపాలు. మొలవకపోవడం ఆరబెట్టడంలో, నిలవలో జరిగిన తప్పు. వేరే రకంగా కాయడం విత్తనం కట్టిన తీరులోని తప్పు.

రెండోది ముందు చూద్దాం. ప్యాకెట్లో కొన్న హైబ్రిడ్ టమాట నుంచి తీసిన విత్తనం తల్లిలా కాయదు. కాబట్టి హైబ్రిడ్ విత్తనాన్ని మార్పిడికి తేవొద్దని ముందే చెప్పండి. టమాట, చిక్కుడు, బొబ్బర్లు చాలావరకు స్వపరాగ సంపర్కం చేసుకుంటాయి, అంటే తమ పుప్పొడితోనే గింజ కడతాయి, కాబట్టి దేశవాళీవైతే నిశ్చింతగా పంచుకోవచ్చు. మిర్చి, వంకాయ, బెండ కొంతమేర కలుస్తాయి. సొర, బీర, కాకర, గుమ్మడిలకు తేనెటీగల్లాంటి కీటకాలే దిక్కు. మీ మేడ మీద పొడుగు సొర, పక్క మేడ మీద గుండ్రటి సొర ఉంటే వచ్చే ఏడాది రెండూ కానిది కాస్తుంది. బీరతో సొర కలవదు, భయం లేదు. తీగ జాతుల విత్తనం కావాలంటే మొగ్గ విచ్చుకోక ముందే ఆడపువ్వుకూ మగపువ్వుకూ పలచటి గుడ్డ సంచులు కట్టాలి. సొర సాయంత్రం విచ్చుకుంటుంది, అప్పుడే మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు అద్ది, మళ్లీ సంచి కట్టి, కాయకు దారం గుర్తు పెట్టండి. ఆ కాయను తీగ మీదే ఎండనివ్వాలి. కూరకు కోసే లేత కాయలో విత్తనం ముదరదు.

టమాట గింజను గుజ్జుతో సహా గ్లాసులో వేసి, కాసిని నీళ్లు పోసి రెండు మూడు రోజులు పులియనివ్వండి. గింజ చుట్టూ ఉన్న జిగురు పొర మొలకను ఆపుతుంది, పులిస్తే అది కరిగిపోతుంది. కడిగి పళ్లెంలో ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అంటుకుంటాయి. ఏ విత్తనమైనా నీడలో, గాలి ఆడే చోట ఆరాలి. చిక్కుడు గింజను పంటితో నొక్కితే గాటు పడితే ఇంకా తేమ ఉంది, టక్కున విరిగితే ఆరినట్టు. బాగా ఆరినదాన్ని గాలి చొరని సీసాలో పెట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే పుచ్చు పురుగు గుడ్లు చస్తాయి. తేమ ఉన్న గింజను అలా పెడితే గింజే చస్తుంది. తరవాత జల్లించిన బూడిద కలిపి నిలవచేయండి. ఉల్లి విత్తనం ఏడాది దాటితే నమ్మలేం, టమాట మూడు నాలుగేళ్లు ఉంటుంది.

మార్పిడికి మేలైన సమయం మృగశిర కార్తెకు ముందు, జూన్ మొదటి ఆదివారం. దానికి పది రోజుల ముందు తెచ్చేవాళ్లందరూ మొలక పరీక్ష చేయాలి. 20 గింజలు తడి గుడ్డలో చుట్టి, వారం పాటు తేమ ఆరకుండా చూడండి. 14 మొలిస్తే తెండి, పదికి తగ్గితే తేవొద్దు. మధ్యలో వస్తే పొట్లం మీద ఆ సంగతి రాసి రెట్టింపు గింజలివ్వండి. పొట్లానికి చిక్కుడు పది, టమాట పాతిక చాలు. పొట్లం మీద రకం పేరు, ఏ కాలనీలో పండింది, గింజ తీసిన నెల, మొలక లెక్క ఉండాలి. గులాబీ, నీలం రంగు పూసిన గింజలు ఎవరైనా తెస్తే పక్కన పెట్టండి. అవి మందు పట్టించినవి, పిల్లల చేతికి అందకూడదు.